పక్కనున్నవాడిదేం తప్పు?

2025 మార్చి 17న హైదరాబాద్‌లో పంజాగుట్ట పోలీసులు పదకొండు మంది యూట్యూబర్లు, సోషల్ మీడియా ప్రముఖుల మీద కేసు పెట్టారు. అక్రమ బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారన్నది ఆరోపణ. ఆ వారంలోనే మియాపూర్‌లో మరో కేసు నమోదైంది. అందులో పేరున్న సినిమా నటులు సహా పాతిక మంది ఉన్నారు. ఇక ఆ రోజుల్లో టీవీ చర్చల్లో చూసినా, అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల టీకొట్ల దగ్గర నిలబడినా ఒక ప్రశ్న తప్పకుండా చెవిన పడేది: "ఆడినవాడికి బుద్ధి ఉండక్కర్లేదా? చెప్పినవాడిదేం తప్పు?"

ఈ ప్రశ్న వేసేవాళ్లందరూ ఆ నటులకు అభిమానులు కారు, యాప్‌ల మనుషులూ కారు. చాలామంది కష్టపడి బతికే మామూలు మనుషులు. తన తప్పుకు తానే బాధ్యుడన్న నియమం మీద వాళ్లకు గౌరవం ఉంది. అందుకే ఈ వాదన ఇంత బలంగా నిలబడుతోంది, అందుకే దీన్ని తేలిగ్గా తోసేయకూడదు. కానీ ఇది తప్పు వాదన. చట్టం దృష్టిలోనే కాదు, న్యాయం దృష్టిలో కూడా తప్పే. ఒకే నేరానికి ఒకే కర్త ఉంటాడని, బాధ్యత అంతా అతని నెత్తినే పడిపోగా మిగిలినవాళ్లు చేతులు దులుపుకుని వెళ్లిపోవచ్చని ఇది నమ్మిస్తోంది.

మన పెద్దలు అలా అనుకోలేదు. చేసినవాడు, చేయించినవాడు, పురికొల్పినవాడు, సరే అని తలూపినవాడు, ఈ నలుగురికీ పాపపుణ్యాల్లో సమాన వాటా ఉంటుందని పురాణ కాలక్షేపాల్లో చెప్పడం తెలుగువాళ్లకు కొత్త కాదు. చట్టం ఈ నలుగురిలో మొదటి ముగ్గురినీ పట్టుకుంది. నాలుగోవాణ్ని, అంటే మనసులో ఒప్పుకుని ఊరుకున్నవాణ్ని, సాధారణంగా వదిలేసింది. ఆ వదిలేయడం సరైనదే. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ముగ్గురి మాట.

మెకాలే అధ్యక్షతన లా కమిషన్ 1837లో సిద్ధం చేసిన ముసాయిదా 1860లో భారత శిక్షాస్మృతి అయింది, 1862లో అమల్లోకి వచ్చింది. ఇంగ్లండ్ చట్టంలో అప్పటికి మొదటి తరగతి కర్త, రెండో తరగతి కర్త, ముందు సాయపడినవాడు, వెనక సాయపడినవాడు అంటూ చిక్కుముడుల వర్గీకరణ ఉండేది. మన స్మృతి ఆ దారి పట్టలేదు. పురికొల్పడం, కుట్రలో చేరడం, తెలిసి కావాలని సాయపడడం అనే మూడు పనులను కలిపి దుష్ప్రేరణ అని పేరు పెట్టి, దానికి విడిగా ఒక అధ్యాయమే కేటాయించింది. పాత స్మృతిలో దాని నిర్వచనం 107వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 45వ సెక్షన్. అంకె మారిందే గానీ సారం మారలేదు.

సారం ఏమిటంటే, పురికొల్పినవాడు అసలు దోషికి తోకలా వేలాడే మనిషి కాడు. అతను చేసిన పని అతనిదే, అతని ఉద్దేశం అతనిదే. ఎదుటివాడు మాట విని నేరం చేయకపోయినా పురికొల్పడం దుష్ప్రేరణే అవుతుంది. ఏడేళ్లు నిండని పిల్లవాడి చేత ఒక ప్రాణం తీయిస్తే పిల్లవాడికి శిక్ష లేదు, చేయించినవాడికి మాత్రం ఆ పిల్లవాడు పెద్దవాడై ఉంటే ఎంతో అంత శిక్ష. స్మృతే ఈ ఉదాహరణలను ఇచ్చింది. "ఆడినవాడికి బుద్ధి ఉండక్కర్లేదా" అనేవారికి ఇక్కడే జవాబు ఉంది. ఆడినవాడి బుద్ధిని లెక్కగట్టడం ఒక విచారణ, ఆడమన్నవాడి బుద్ధిని లెక్కగట్టడం ఇంకో విచారణ. మొదటిదాంట్లో ఎంత తప్పు తేలినా రెండోదాంట్లో అణువంత కూడా తగ్గదు.

"ప్రకటనే కదా, ఎవరి చెయ్యీ పట్టుకుని ఆడించలేదు కదా" అన్నది తర్వాతి మాట. పాత స్మృతి 117వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. ఒకడు బహిరంగ స్థలంలో ఒక ప్రకటన అంటిస్తాడు. పది మందికి మించిన ఒక వర్గం ఫలానా చోటికి, ఫలానా వేళకు వచ్చి, ఊరేగింపులో ఉన్న ఎదుటి వర్గం మీద పడాలని అందులో రాస్తాడు. అంటించినవాడు ఆ సెక్షన్ కింద నేరస్థుడే. చదివినవాళ్ల పేర్లు అతనికి తెలియనక్కర్లేదు, వాళ్ల చేతులు పట్టుకోనక్కర్లేదు. గోడకు కాగితం అంటించే కాలంలోనే చట్టం గుంపును పురికొల్పడాన్ని ఒకణ్ని పురికొల్పడం కంటే వేరుగా చూసింది. దానికి పాత స్మృతిలో మూడేళ్ల వరకు ఉన్న జైలు శిక్షను కొత్త సంహిత 57వ సెక్షన్‌లో ఏడేళ్ల వరకు పెంచింది. ఆనాడు గోడ మీది కాగితాన్ని చదివేది ఆ వీధిన పోయేవాళ్లు. ఈనాడు ఒక రీల్‌ను చూసేది లక్షల మంది. పైగా గోడ తనను ఎవరు చదువుతున్నారో ఎంచుకోలేదు. ఫోన్ ఎంచుకుంటుంది.

అమీర్‌పేట హాస్టళ్లు ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. కోర్సు ఫీజు కట్టి, నాలుగు మంచాల గదిలో ఒక మంచానికి నెలనెలా అద్దె కట్టి, ఇంటర్వ్యూ పిలుపు కోసం ఎదురుచూసే కుర్రాడు రాత్రి ఫోన్ చూస్తాడు. అందులో తనకు ఇష్టమైన మనిషి కనిపించి, ఇందులో ఇంత పెట్టాను, ఇంత వచ్చింది, లింక్ కింద ఉంది అంటాడు. ఇది సబ్బు ప్రకటన లాంటిది కాదు. సబ్బు కొన్నవాడికి సబ్బు దొరుకుతుంది. ఇక్కడ ఒక మనిషి తన ముఖాన్ని, తన మీది నమ్మకాన్ని సాక్ష్యంగా పెడుతున్నాడు. ఆ గెలుపు అబద్ధమైతే అది మోసానికి చేసిన సాయం. ఆ ఆటే నిషిద్ధమైతే అది నిషిద్ధ పనికి పిలుపు. తెలంగాణ ప్రభుత్వం 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి డబ్బు పందేలతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. తెలుగు ప్రేక్షకుల కోసం, తెలుగులో, 2017 తర్వాత ఆ పిలుపు ఇచ్చినవాడు "నాకు తెలియదు" అంటే, తెలుసుకునే ప్రయత్నం ఏం చేశాడన్నది అడగదగిన ప్రశ్న.

తెలుసుకోవడం సాధ్యమేనని చెప్పడానికి ఒక సాక్ష్యం చాలు. తాను 2016లో అలాంటి ప్రకటన ఒకటి చేశానని, కొన్ని నెలలకే అది తప్పని గ్రహించానని, 2017లో ఒప్పందం పొడిగిస్తామంటే ఒప్పుకోలేదని నటుడు ప్రకాశ్‌రాజ్ 2025 మార్చిలో బహిరంగంగా చెప్పారు. తెలిసిన తర్వాత ఆగడం ఒక పని. తెలిసిన తర్వాత కొనసాగించడం ఇంకో పని. దుష్ప్రేరణ చట్టం మొత్తం ఈ రెంటి మధ్య ఉన్న సందులోనే నడుస్తుంది.

అప్పుడు రమ్మీ వాదన ముందుకొస్తుంది. అది నైపుణ్యం ఆట, సుప్రీంకోర్టే చెప్పింది అంటారు. చెప్పింది నిజమే. ఆ కేసు పుట్టింది కూడా ఇక్కడే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద 1963లో జరిగిన పోలీసు దాడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పేరిట సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967లో కోర్టు రమ్మీలో ప్రధానంగా నైపుణ్యమే ఉందని తీర్పిచ్చింది. ఆ ఒక్క వాక్యాన్ని చేతపట్టుకుని తిరిగేవాళ్లు అదే తీర్పులో ఉన్న మరో మాటను వదిలేస్తారు. ఆట జరిగే ఇంటి లేదా క్లబ్ యజమాని పందేల ఆట మీద లాభం తీస్తున్నట్టు సాక్ష్యం ఉంటే అది నేరం కావచ్చని కోర్టు ఆనాడే అన్నది. అంటే ఆడేవాణ్ని పక్కన పెట్టినా, ఆట మీద బతికేవాణ్ని చూడాలన్నది ఆ తీర్పులోనే ఉంది. ఈ సంగతిని పంజాగుట్ట కేసు మీద జరిగిన ఏ చర్చలోనైనా ముందుపెట్టి ఉంటే సగం గొడవ అక్కడే తేలేది.

"ముందు యాప్ నడిపేవాళ్లను పట్టుకోండి, వాళ్లు విదేశాల్లో హాయిగా ఉన్నారు" అనే మాటలో కొంత న్యాయమైన కోపం ఉంది. వాళ్లను పట్టుకోవాల్సిందే. కొత్త సంహిత 48వ సెక్షన్ విదేశంలో కూర్చుని ఇక్కడి నేరానికి పురికొల్పేవాణ్ని కూడా చట్టం కిందికి తెచ్చింది. అయితే అసలువాడు దొరికేదాకా తోడువాణ్ని ముట్టుకోకూడదన్న వాదన ఏ చట్టంలోనూ లేదు. ఉంటే ప్రతి ముఠా తన నాయకుణ్ని సరిహద్దు దాటించి ఇక్కడ మిగిలిన పని నిశ్చింతగా చేసుకునేది.

పంజాగుట్టకు "పక్కనున్నవాడిదేం తప్పు" అన్న ప్రశ్న బెట్టింగ్ కేసుతో కొత్తగా రాలేదు. అక్కడి రోడ్డు ఇంతకంటే ఘోరమైన రూపంలో దాన్ని ఒకసారి చూసింది.

2016 జూలై 1. మద్యం తాగిన ఇంజినీరింగ్ విద్యార్థి నడుపుతున్న కారు పంజాగుట్టలో డివైడర్ మీంచి ఎగిరి, అవతలి వైపు వస్తున్న ఒక కుటుంబం కారు మీద పడింది. ఆ కుటుంబంలో ఒకరు అక్కడికక్కడే చనిపోయారు. బడి ఈడు పాప వారం రోజులు ఆసుపత్రిలో పోరాడి కన్నుమూసింది. ఆ తర్వాత తాత కూడా పోయారు. నడిపినవాడి పక్కన, వెనక స్నేహితులున్నారు. తెలంగాణలో మద్యం అమ్మాలంటే కొనేవాడికి ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. వయసు చూడకుండా వాళ్లకు మద్యం పోశారా అన్న ప్రశ్న కూడా అప్పుడు లేచింది. ఆ ఘటన నగరాన్ని కదిలించినా, జనం కోపం చాలావరకు స్టీరింగ్ దగ్గరే ఆగిపోయింది.

మోటారు వాహనాల చట్టం అక్కడ ఆగదు. 188వ సెక్షన్ చాలా చిన్నది. ప్రమాదకరంగా నడపడానికి గానీ, తాగి నడపడానికి గానీ దుష్ప్రేరణ చేసినవాడికి ఆ నేరానికి ఎంత శిక్షో అంతే శిక్ష అంటుంది. తాగి నడిపితే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. అందుకు పురికొల్పిన పక్కసీటుకూ అంతే, తగ్గింపు లేదు. సైబరాబాద్ పోలీసులు ఆ తర్వాతి కాలంలో, తాగి నడిపేవాడి వెంట ఉన్నవాళ్ల మీద కూడా ఈ సెక్షన్ ప్రయోగిస్తామని ప్రకటించినప్పుడు "ఇదెక్కడి అన్యాయం, వాడు ఊరికే కూర్చున్నాడు" అని చాలామంది మండిపడ్డారు.

నిజంగా ఊరికే కూర్చుంటే నేరం కాదు. అందులో సందేహం లేదు. కానీ "ఊరికే కూర్చున్నాడు" అన్న మాటను ఎంత విశాలంగా వాడుతున్నామో ఆలోచించాలి. వాడు తాగాడని తెలిసి కారు తాళం చేతికిచ్చినవాడు ఊరికే కూర్చున్నవాడేనా? ఇంకా వేగంగా పోనియ్యమన్నవాడు, ముందు వెళ్లే బండిని దాటి చూపించు అన్నవాడు? వీళ్లు ఆ కారుకు ఇంధనం లాంటివాళ్లు. చూపు సరిగా ఆనని, చేయి నిలవని స్థితిలో ఉన్న మనిషి ఆ రాత్రి తన నిర్ణయం తాను తీసుకోలేడు. మత్తు లేనివాడు తీసుకోగలడు. ఆ మేరకు పక్కసీటువాడి నేరం కొన్నిసార్లు స్టీరింగ్ పట్టుకున్నవాడి నేరం కంటే స్పష్టమైన బుద్ధితో చేసింది. ఈ మాట కఠినంగా ఉంటుంది. ఆ పాప కుటుంబం వైపు నుంచి చూస్తే ఇది కఠినం కాదు.

మూడో ఘటన 2023 డిసెంబరు నాటిది. ఇందులో తోడు ముందు నుంచి కాక వెనక నుంచి వచ్చిందన్నది ఆరోపణ. ప్రజాభవన్ ముందున్న బారికేడ్లను అర్ధరాత్రి ఒక ఖరీదైన కారు ఢీకొట్టింది. నడిపింది ఒక మాజీ ఎమ్మెల్యే కొడుకని, అతని బదులు ఇంట్లో పనిచేసే మనిషిని డ్రైవర్‌గా చూపించారని పోలీసులే తర్వాత తేల్చారు. పంజాగుట్ట ఇన్‌స్పెక్టర్ సస్పెండయ్యారు, 2024 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు. అంతకు కొద్ది రోజుల ముందు, జనవరి 31న, అప్పటి నగర పోలీసు కమిషనర్ కొత్తకోట శ్రీనివాసరెడ్డి పంజాగుట్ట ఠాణా సిబ్బంది ఎనభై మందికి పైగా ఉంటే అందరినీ ఒకేసారి బదిలీ చేశారు. ఒక ఠాణా మొత్తం అలా ఖాళీ కావడం అరుదు.

అప్పుడూ ఒక సానుభూతి గొంతు వినిపించింది. కన్నకొడుకును కాపాడుకోవాలని ఏ తండ్రికి ఉండదు అన్నారు. ఆ కేసులో ఎవరి పాత్ర ఎంతో కోర్టు తేల్చాలి. ఆ సానుభూతిని మాత్రం విడిగా పరీక్షించవచ్చు. నేరం జరిగిపోయాక చేసే సాయాన్ని మన చట్టం దుష్ప్రేరణ అనదు. దుష్ప్రేరణకు సాయం నేరానికి ముందైనా, నేరం జరిగేటప్పుడైనా అందాలి. తర్వాత చేసే సాయానికి వేరే సెక్షన్లున్నాయి: సాక్ష్యం మాయం చేయడం, నేరస్థుణ్ని దాచడం, ప్రభుత్వోద్యోగి అయి ఉండి తప్పుడు రికార్డు రాయడం. నేరస్థుణ్ని దాచే సెక్షన్, పాత స్మృతిలో 212, కొత్త సంహితలో 249, ఒకే ఒక్క బంధాన్ని మినహాయించింది. భార్యను భర్త, భర్తను భార్య దాస్తే నేరం కాదు. తండ్రికి ఆ మినహాయింపు లేదు. తల్లికి లేదు, అన్నకు లేదు. స్మృతి రాసినవాళ్లకు తల్లిదండ్రుల ప్రేమ తెలియక కాదు. మినహాయింపును ఎక్కడ ఆపాలో ఆలోచించి అక్కడ ఆపారు.

ఇంకో మాట. బిడ్డను కాపాడుకోవడం అని జనం అంటున్నది నిజానికి ఒక పేదవాడి బిడ్డను ఆ నేరంలోకి తోయడం. ఇంట్లో జీతానికి పనిచేసే మనిషి ఠాణాకు వచ్చి "నేనే నడిపాను" అని చెప్పాల్సిన స్థితిని ఎవరు కల్పించినా, అది ప్రేమ ఖాతాలో రాసుకోదగింది కాదు.

నాలుగోవాడి దగ్గరికి రావాలి. తలూపి ఊరుకున్నవాడు. ఈ వ్యాసం వాదన నిలబడాలంటే ఈ హద్దును ఒప్పుకోక తప్పదు. తోడు అనే మాటను సాగదీస్తే దానికి అంతు ఉండదు. పోలీసులు దాన్ని సాగదీసిన సందర్భాలు లేకపోలేదు. ఆత్మహత్యకు ప్రేరేపణ కేసుల్లో ఇది బాగా కనిపిస్తుంది. అప్పు కట్టమని అడిగిన ఉద్యోగి మీద, గట్టిగా మాట్లాడిన పైఅధికారి మీద అలవాటుగా ఆ సెక్షన్ పెట్టేస్తున్నారు. 2025 జనవరి 17న మహేంద్ర అవసే కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. బాధలో ఉన్న కుటుంబాన్ని అప్పటికి ఊరడించడానికి ఆ సెక్షన్‌ను వాడకూడదని చెప్పింది. అంతకు చాలా ముందే, తెలిసి, కావాలని, చురుగ్గా పాలుపంచుకోవడమే సాయపడే దుష్ప్రేరణకు ప్రాణమని అదే కోర్టు అన్నది. ఇంగ్లండ్ ఈ హద్దును చెరిపేసి ఎంత నష్టపోయిందో 2016 ఫిబ్రవరిలో జోగీ కేసులో అక్కడి సుప్రీంకోర్టే ఒప్పుకుంది. తోటివాడు హత్య చేయవచ్చని ఊహించినంత మాత్రాన అందరినీ హంతకులుగా చూసిన చట్టం మూడు దశాబ్దాలుగా తప్పుదారిలో నడిచిందని చెప్పింది. ఊహ ఒక సాక్ష్యం మాత్రమే, ఉద్దేశానికి బదులు కాదని తేల్చింది.

ఈ హద్దు పాటిస్తేనే అమీర్‌పేట కుర్రాళ్లకు కూడా న్యాయం దక్కుతుంది. సైబర్ మోసగాళ్లకు కమీషన్ కోసం బ్యాంకు ఖాతాలు ఇచ్చినవాళ్లు తరచూ అరెస్టవుతున్నారు. ఖాతా తెరిపించి, పాస్‌బుక్కు, సిమ్ము, ఏటీఎం కార్డు అన్నీ తీసుకుపోయే మధ్యవర్తి ఒకడుంటాడు. అందులోకి ఏ డబ్బు వస్తుందో తెలిసి ఇచ్చినవాడు నేరంలో భాగస్తుడే. "ఉద్యోగం కోసం జీతం ఖాతా" అని నమ్మి సంతకం పెట్టినవాడు కాడు. ఇద్దరినీ ఒకే గాట కట్టడం దర్యాప్తు అనిపించుకోదు. అలాగని మొదటివాణ్ని రెండోవాడి అమాయకత్వం మాటున దాచడం కూడా కుదరదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. వాటికి ప్రకటన చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, యాభై లక్షల వరకు జరిమానా. ఆడేవాడికి శిక్ష లేదు. "బుద్ధి ఉండక్కర్లేదా" అన్న ప్రశ్నకు పార్లమెంటు ఇచ్చిన జవాబు ఇది: ఆడినవాడు బాధితుడు, పిలిచినవాడు నేరస్థుడు. అయితే కొత్త శిక్ష పాత పనికి వర్తించదని రాజ్యాంగం 20వ అధికరణం చెబుతుంది. కాబట్టి పంజాగుట్ట, మియాపూర్ కేసులు పాత చట్టాల మీదే నిలబడాలి. మియాపూర్ కేసులో మోసం సెక్షన్లతో పాటు సంహిత 49వ సెక్షన్, అంటే దుష్ప్రేరణకు శిక్ష, కూడా ఉంది. ఇందులో ఎవరు దోషులో, ఎవరు కాదో ఇంకా కోర్టు చెప్పాల్సిన మాట. ప్రకటన చేయడం అసలు నేరమే కాదన్న మాట మాత్రం ఎవరూ చెప్పడానికి వీల్లేదు.

దుష్ప్రేరణ కేసు నిలబడాలంటే ఎవరు పిలిచారో, ఏమని పిలిచారో, ఆ పిలుపు విని ఎవరు వెళ్లారో చూపించాలి. వీడియోలు చెరిపేయడం నిమిషం పని. ఇలాంటి యాప్‌లో డబ్బు పోగొట్టుకున్నవారు, వారి ఇంట్లోవారు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చేటప్పుడు బ్యాంకు లావాదేవీల కాగితాలతో ఆగిపోకండి. ఏ వీడియో చూసి ఆ యాప్ దింపుకున్నారో దాని లింకు, చూసిన తేదీ, స్క్రీన్‌షాట్ కూడా జత చేయండి.